కంటి వెనక బంతి

"గాజు కన్ను పెట్టించుకున్నావట, దాంతో ఏమైనా కనిపిస్తోందా?" అని అడిగేవాళ్ళు మా కంచరపాలెంలో ఇంకా ఉన్నారు. కనిపించదు. అది గాజూ కాదు. నాకు పెట్టినవి నిజానికి రెండు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు, సన్నటి ఎర్ర నరాలతో సహా అచ్చం కన్నే అనిపించే పల్చటి డొప్ప ఒకటి. దాని వెనక, లోపల కుట్టేసి వదిలేసిన బంతి ఒకటి. డొప్పను అందరూ చూస్తారు, బాగుందంటారు. ఆపరేషన్‌లో లోపల పెట్టింది మాత్రం ఆ బంతినే. నాకు డేటు ఇచ్చేదాకా అలాంటిదొకటి ఉంటుందని కూడా తెలీదు. తెలిసుంటే అంత భయపడేదాన్ని కాదేమో.

మాది భీమిలి దగ్గర ఊరు. చిన్నప్పుడు అన్నయ్యలు కర్రాబిళ్ళ ఆడుతుంటే బిళ్ళ ఎగిరొచ్చి కుడికంటికి తగిలింది. కుట్లేశారు గానీ చూపు రాలేదు. కంట్లో పువ్వు పడిపోయింది. అలాగే పెరిగాను, పెళ్ళయి విశాఖ వచ్చాను, ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతున్నాను. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి అన్నీ ఒక్క కంటితోనే నేర్చుకున్నదాన్ని కాబట్టి రెండో కన్ను లేదన్న బాధ నాకు పెద్దగా ఉండేది కాదు. పెళ్ళి ఫొటోల్లో తల కాస్త పక్కకి తిప్పుకోవడం తప్ప.

నలభై దాటాక ఆ కంట్లో నొప్పి మొదలైంది. కనుబొమ్మ ఎముక దగ్గర పుట్టి తల వెనక్కి పాకేది. రాత్రిళ్ళు మరీను. ఒక్కోసారి వాంతులయ్యేవి. తలనొప్పి అనుకుని మాత్రలు మింగాను. చివరికి కంటి ఆసుపత్రిలో చూపిస్తే కంట్లో ప్రెషర్ బాగా పెరిగిపోయిందన్నారు. పాత దెబ్బ వల్ల లోపలి నీరు బయటికి పోయే దారి మూసుకుపోయిందట. చుక్కలు, మాత్రలు, తర్వాత లేజర్. నాలుగు నాళ్ళు తగ్గేది, మళ్ళీ వచ్చేది. చూపు లేని కంటికి ఇంత ఖర్చా అని మావారితో అనేదాన్ని గానీ, నొప్పికి చూపుతో పనేముంది!

"ఈ కన్ను మీకు చూపు ఇవ్వదు, నొప్పే ఇస్తుంది. తీసేస్తే నొప్పి పోతుంది" అని డాక్టరమ్మ ఒకరోజు నెమ్మదిగా చెప్పింది. కంటి వెనక ఆల్కహాల్ ఇంజక్షన్ ఇచ్చి నరాన్ని మొద్దుబార్చే పద్ధతి కూడా ఉందట, కానీ కొన్నాళ్ళకి నొప్పి తిరిగి రావచ్చంది. నేను అడిగిన మొదటి ప్రశ్న అందరూ అడిగేదే. ఎవరో దానం చేసిన కన్ను నాకు పెట్టేయొచ్చు కదా? నేత్రదానంలో వచ్చిన దాంట్లో మనిషికి అతికేది నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, కార్నియా. నాకు కంటి వెనక బొమ్మ పడే పొర రెటీనా, కంటి నరం రెండూ పోయాయి కాబట్టి ముందు అద్దం మార్చినా లాభం లేదు. 2023లో న్యూయార్క్‌లో ఒకాయనకి కన్ను మొత్తం అమర్చారనీ, దానికీ చూపు రాలేదనీ మా అబ్బాయి ఫోన్‌లో చదివి వినిపించాడు. కంటి నరాన్ని మెదడుతో తిరిగి కలపడం ఇంకా ఎవరికీ చేతకాలేదు.

మా అమ్మ అయితే అసలు ఒప్పుకోలేదు. "కనపడకపోతే మాత్రం ఏటయింది? ఉన్న గుడ్డు పీకించుకుంటావేటి? పైజన్మలో గుడ్డిదానివై పుడతావే" అని ఒకటే ఏడుపు. సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. పైగా ఈ కన్ను తీస్తే ఆ దోషం మంచి కన్నుకి పాకుతుందని ఎవరో చెప్పారట. ఆ మాట నన్నూ భయపెట్టింది, డాక్టర్ని అడిగాను. ఉన్నది దానికి తిరగేసిన ప్రమాదమట. కన్ను చీలిపోయేంత దెబ్బ తగిలితే, అరుదుగా, ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి మంచి కన్ను మీద కూడా దాడి చేస్తుంది. అందుకే చూపు వచ్చే ఆశ బొత్తిగా లేని కంటిని దెబ్బ తగిలిన రెండు వారాల్లోపు తీసేయాలని పాత పుస్తకాల్లో ఉండేదంది. అమ్మకి ఇదంతా విడమరిచి చెప్పాను. విన్నది. ఒప్పుకున్నట్టు ఎప్పుడూ అనలేదు గానీ ఆపరేషన్ రోజు పొద్దున్నే అందరికంటే ముందు తయారై కూర్చుంది.

తీయడంలో రెండు రకాలు. గుడ్డు మొత్తాన్ని, దాన్ని పట్టుకున్న ఆరు కండరాలనీ విడదీసి, కంటి నరం కొంత ముక్కతో సహా తీసేస్తే ఎన్యూక్లియేషన్. తెల్లగుడ్డు గోడని అలాగే ఉంచి లోపలి సరుకంతా తీసేస్తే ఎవిసరేషన్. రెండోదాంట్లో కండరాలు వాటి చోట అవి ఉండిపోతాయి కాబట్టి తర్వాత కదలిక బాగుంటుంది, ఆపరేషనూ చిన్నది. కానీ కంట్లో కేన్సర్ గడ్డ ఉందేమోనన్న అనుమానం ఏ మాత్రం ఉన్నా అది చేయరు. నా కంట్లో పువ్వు వల్ల లోపలేముందో టార్చి వేసినా కనపడదు. అందుకని రెప్ప మీద జెల్ రాసి బీ-స్కాన్, అంటే కంటికి చేసే అల్ట్రాసౌండ్, తీశారు. గడ్డ ఏమీ లేదని తేలాకే ఎవిసరేషన్ అని ఫైలులో రాశారు.

ఎదురు మంచం మీద ఉన్న పసివాడికి మాత్రం మొదటిదే చేశారు. పాడేరు వైపు నుంచి వచ్చారు. రాత్రి దీపం వెలుగులో బిడ్డ కంటిపాప తెల్లగా మెరిసిందని తల్లి గమనించింది. రెటీనోబ్లాస్టోమా, చిన్నపిల్లల కంట్లో వచ్చే కేన్సర్. "పాణం దక్కితే చాలమ్మా" అంటూనే ఆ తల్లి, "మరి మొహం ఒంకరవుతాదేటి?" అని నన్నే అడిగింది, నాకేదో తెలిసినట్టు. సిస్టర్ చెప్పింది: పెద్దవాళ్ళకంటే పిల్లలకే బంతి మరీ ముఖ్యం. కంటి చుట్టూ ఎముక పెరగాలంటే లోపల ఏదో ఒకటి నిండుగా ఉండాలి. ఖాళీగా వదిలేస్తే ఆ పక్క ఎముక సరిగా ఎదగదు, మొహం ఒక వైపు చిన్నదైపోతుంది. పెద్దవాళ్ళకైతే ఎముక పెరిగే పనిలేదు గానీ, రెప్ప లోపలికి పోతుంది, పైన గుంట పడుతుంది, డొప్ప నిలవదు.

ఈ బంతి కథ డాక్టరమ్మ లెక్క వేసి చూపించింది, అది నాకు నచ్చింది. పెద్దవాళ్ళ కనుగుడ్డు అడ్డంగా సుమారు 24 మిల్లీమీటర్లు, అందులో పట్టేది 7 మిల్లీలీటర్ల లోపు. 20 మిల్లీమీటర్ల బంతి పెడితే 4 మిల్లీలీటర్ల చిల్లర నిండుతుంది. మీద వచ్చే డొప్ప ఇంకో రెండు, రెండున్నర. మరీ చిన్న బంతి పెడితే లోటంతా డొప్ప మీద పడుతుంది, డొప్ప బరువెక్కి కింది రెప్పని లాగేస్తుంది. మరీ పెద్దది పెడితే మీద కుట్లు బిగిసి విప్పుకుంటాయి. ఎంతది పట్టేదీ ఆపరేషన్ బల్ల మీద సైజులు పెట్టి చూసుకుని అప్పుడే తేల్చుకుంటారట. జాకెట్టు కొలత ముందే తీసుకునే నాకు ఇది కాస్త విడ్డూరంగా అనిపించింది.

కౌన్సెలర్ రెండు బంతులు నా అరచేతిలో పెట్టింది. ఒక్కోటి చిన్న ఉసిరికాయంత. ఒకటి నున్నగా, గట్టిగా. అక్రిలిక్, దాన్నే పీఎంఎంఏ అంటారు. రెండోది గరుకుగా, సన్న సన్న రంధ్రాలతో. పోరస్ పాలిథిలిన్. ఆ రంధ్రాల్లోకి మన రక్తనాళాలు పెరిగి బంతి ఒంట్లో భాగంగా అతుక్కుపోతుందట. పగడపు రాతి నుంచి చేసే హైడ్రాక్సీ అపటైట్ అనే రకం 1980ల్లో వచ్చిందనీ, ఈ రంధ్రాల బంతుల వరస దాంతోనే ఊపందుకుందనీ చెప్పింది. ఖరీదు నున్నటి దానికి కొన్ని రెట్లు. మావారు వెంటనే ఖరీదుదే వేయించుకోమన్నారు. మా ఆయన అంతే, కుక్కర్ కొన్నా అదే పద్ధతి. నేను డాక్టర్ని సూటిగా అడిగాను, మీ చెల్లెలికైతే ఏది పెడతారని. "మీకు కండరాలు విడదీయట్లేదు కాబట్టి నున్నదే చాలు. గరుకుది జారిపోదు గానీ, పైపొర పల్చబడితే రాసుకుని బయటపడే భయం దానికీ ఉంది" అంది. నున్నదే పెట్టించుకున్నాను. తక్కువ ఖరీదుది పెట్టించుకుంటే తక్కువ కన్ను వస్తుందేమోనని మథనపడేవాళ్ళకి నేను చెప్పేది ఇదే: కదలిక ఎక్కువగా కుట్టిన చేతిని బట్టి, కండరాల్ని బట్టి ఉంటుంది.

ఆపరేషన్ రోజు ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న, "ఏ కన్నమ్మా?" అని. ఫైలు తెచ్చిన సిస్టర్, వీల్‌చైర్ తోసిన అబ్బాయి, మత్తు డాక్టర్, చివరికి డాక్టరమ్మ కూడా. కుడి కనుబొమ్మ పైన మార్కర్ పెన్నుతో గుర్తు పెట్టాక కూడా. మొదట విసుగొచ్చింది, తర్వాత అర్థమైంది. ఈ ఒక్క ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా ఎక్కువ కాదు. మత్తు డాక్టర్ ఇంకో సంగతి చెప్పాడు. కంటి కండరాల్ని లాగితే గుండె వేగం తగ్గుతుందట, కంటికీ గుండెకీ మధ్య అలాంటి నరాల దారి ఒకటి ఉందట. "మేం మానిటర్ చూస్తూనే ఉంటాం, తగ్గితే లాగడం ఆపమంటాం, మందూ రెడీగా ఉంటుంది" అన్నాడు. భయపెట్టడానికి చెప్పలేదు, నేనే అడిగాను కాబట్టి చెప్పాడు. అడిగినందుకు సంతోషించాను.

లోపలేం చేశారో తర్వాత డాక్టరమ్మ ఓపీ చీటీ వెనక గీసి చూపించింది. నల్లగుడ్డు చుట్టూ కోసి తీసేశారు. లోపలి పొరలన్నీ గీకి, నల్లటి రంగు ఎక్కడా మిగలకుండా ఆల్కహాల్‌తో తుడిచారు. తెల్లగుడ్డు గోడకి వెనక్కి గాట్లు పెట్టి చోటు పెంచారు, లేకపోతే తగినంత బంతి పట్టదు. బంతి పెట్టి, గోడ రెండు అంచుల్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేలా కుట్టారు. దాని మీది పొరలు వేరే వేరేగా కుట్టారు. ఆ వరసలు వినగానే నాకు లోపలి మడత, పైమడత అన్నీ కళ్ళకి కట్టాయి. బరువు ఏ ఒక్క కుట్టు మీదా పడకుండా పంచారన్నమాట. కుట్టుపని తెలిసినవాళ్ళకి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి! తీసిన సరుకు పరీక్షకి పంపారు. అమ్మ అడిగింది దాని గురించే, "ఏం చేశారు దాన్ని?" అని. ల్యాబ్‌కి వెళ్ళిందంటే కాస్త తెరిపిన పడింది.

మెలకువ వచ్చాక తల చుట్టూ బిగించి కట్టిన కట్టు, కడుపులో తిప్పడం. నొప్పి ఉంది. కానీ అది వేరే నొప్పి, కోసిన చోట కోసినట్టు ఉండే నొప్పి. తల వెనక్కి పాకే ఆ పాత నొప్పి లేదు. ఆ తేడా నాకు మత్తులోనే తెలిసింది.

కట్టు విప్పాక అద్దం కావాలా అన్నారు. చాలామంది వద్దంటారట. నేను చూశాను. నల్ల గొయ్యి ఉంటుందనుకున్నాను. లేదు. వాచిన రెప్పల మధ్య ఎర్రటి తడి పొర, నోట్లో బుగ్గ లోపలి పొర జాతిదే, నిండుగా ఉంది. దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ డొప్ప, మధ్యలో చిన్న చిల్లు. దాన్ని కన్ఫార్మర్ అంటారు. ఎడమ కన్ను కిటికీ వైపు తిప్పాను. ఆ ఎర్ర పొర కూడా అటే కదిలింది. ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి. డాక్టరమ్మ నవ్వి "చాలు, అలసిపోతారు" అనేదాకా తిప్పుతూనే ఉన్నాను. చూపు పోయిన ఇన్నేళ్ళకీ ఆ కండరాలు పని మానలేదు.

అక్కణ్నుంచి అసలు కన్ను వచ్చేదాకా ఆరు వారాల పైన ఆగాలి. వాపు పూర్తిగా తీయాలి కదా. ఈ మధ్యకాలం గురించి ఎవరూ మాట్లాడరు. నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంటే గిరాకీకొచ్చినవాళ్ళు కళ్ళకలక అనుకుని దూరం జరిగేవాళ్ళు. ఆయింట్‌మెంట్, చుక్కలు, తలస్నానం లేదు, బిందె ఎత్తడం లేదు. ఒక ఉదయం మొహం తుడుచుకుంటుంటే కన్ఫార్మర్ జారి తువ్వాల్లో పడింది. గుండె ఆగినంత పనైంది. ఫోన్ చేస్తే సిస్టర్ తాపీగా చెప్పింది: చేతులు సబ్బుతో కడుక్కో, కాచి చల్లార్చిన నీళ్ళతో డొప్ప కడుగు, కిందికి చూస్తూ పైరెప్ప ఎత్తి ముందు పైన దూర్చు, తర్వాత కిందిరెప్ప కాస్త లాగు, అదే కూర్చుంటుంది. కూర్చుంది. పడిపోయిందని తీసి పక్కన పెట్టేయకూడదట. డొప్ప లేకపోతే రెప్పల వెనక ఉండే సందులు ముడుచుకుపోయి, రేపు కన్ను పెట్టడానికి చోటుండదు.

చెకప్పులకి వెళ్ళినప్పుడు విజయనగరం వైపు రైతు ఒకాయన కలిసేవాడు. కోతల్లో వరి ఆకు కంట్లో గీసుకుని, ఫంగస్ పట్టి, కన్ను తీసేయాల్సొచ్చింది. ఆయనకి ఆ లేని కంట్లో మెరుపులు, రంగులు కనిపించేవట. "దెయ్యమేమో అనుకున్నానమ్మా" అన్నాడు. మెదడు ఇంకా ఆ కంటి నుంచి కబురు కోసం చూస్తుంటే అలా అవుతుందని, మెల్లగా తగ్గుతుందని డాక్టర్ చెప్పారు. ఆయన కష్టం నాకు లేదు. చిన్నప్పటి నుంచీ ఒక్క కన్నే కాబట్టి నాకు మెట్లూ గ్లాసులూ కొత్త కాదు. ఆయనకి గ్లాసులో నీళ్ళు పోస్తే పక్కన పడేవి, గట్టు దిగితే అడుగు తప్పేది. నేనొక చిట్కా చెప్పాను: చెంబు మూతిని గ్లాసు అంచుకి తగిలించి పోయమని. నవ్వాడు గానీ, తర్వాతసారి వచ్చినప్పుడు అలాగే పోసుకుని తాగాడు.

కన్ను తయారుచేసే ఆక్యులరిస్ట్ గది నాకు ఆసుపత్రిలా అనిపించలేదు, పనివాడి కొట్టు అది. పళ్ళ డాక్టర్లు అచ్చు తీసే ఆల్జినేట్ పొడి నీళ్ళలో కలిపి ఆ ముద్దని కంట్లోకి ఎక్కించాడు. చల్లగా ఉంది, నిమిషాల్లో గట్టిపడింది. దాన్నిబట్టి మైనంతో నమూనా చేసి, పెట్టి, తీసి, కొద్దిగా గీకి, మళ్ళీ పెట్టి చూశాడు. "నేరుగా చూడండమ్మా. రెప్ప మూయండి. ఇప్పుడు నవ్వండి." తర్వాత నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నా ఎడమ కన్ను చూస్తూ నల్లగుడ్డు రంగులు వేశాడు. మన కళ్ళు నలుపనుకుంటాం గానీ, ఆయన గిన్నెలో నలుపు చాలా తక్కువ. గోధుమ, తేనె రంగు, అంచున బూడిద రంగు. తెల్లగుడ్డూ తెలుపు కాదు, లేత పసుపు కలిపాడు. ఎర్ర పట్టుదారాన్ని పోగులు పోగులుగా విడదీసి నరాల్లా అతికించాడు. ఆ దారం ఏ నంబరుదని అడిగాను. ఆయనకి అలాంటి ప్రశ్న ఎవరూ వేయలేదట. పైన పారదర్శకమైన అక్రిలిక్ పోసి, వేడిలో గట్టిపరిచి, పాలిష్ పట్టాడు. గాజు సంగతీ ఆయనే చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి గాజు కళ్ళు రావడం ఆగిపోతే, అమెరికా సైన్యంలో కట్టుడు పళ్ళు చేసేవాళ్ళు ఆ అక్రిలిక్‌తోనే కళ్ళు చేయడం మొదలుపెట్టారట. జర్మనీలో ఇప్పటికీ గాజుతోనే చేస్తారట. రెడీమేడ్ కళ్ళు చవగ్గా దొరుకుతాయి గానీ కొలతకి కుట్టనిది ఒంటికి ఎలా కూర్చుంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

పెట్టుకుని ఇంటికొస్తే అమ్మ గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూసింది. "ఏది పెట్టిందే?" అంది. నిజంగానే అడిగింది.

ఇప్పుడు రోజూ తీయను. రోజూ తీసి కడిగితే రాపిడి ఎక్కువై పుసి ఎక్కువవుతుంది. ఎప్పుడైనా చిన్న రబ్బరు పిడితో తీసి, సబ్బునీళ్ళతో కడిగి పెట్టుకుంటాను. స్పిరిట్ తగలనివ్వకూడదు, అక్రిలిక్ పగుళ్ళిస్తుంది. సముద్రపు గాలి, పోర్టు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము రెండూ ఉన్న ఊరు మనది, ఎండాకాలం కన్ను పొడిబారి గరగరలాడుతుంది, చుక్కలు వేసుకుంటాను. బండి మీద వెళ్ళినా, ఇంట్లో ఉన్నా తేలిగ్గా పగలని పాలీకార్బొనేట్ కళ్ళజోడు తీయను. పవర్ లేదు దానికి. ఉన్న ఒక్క కంటికీ ఏదీ తగలకుండా ఉండటానికి. పుసి ఒక్కసారిగా పెరిగినా, వాసన వచ్చినా, డొప్ప వెనక పొరలో బంతి తెల్లగా బయటపడినా ఆరోజే రమ్మన్నారు. అవేవీ ఇప్పటిదాకా రాలేదు.

వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ గురించి చాలామంది అడుగుతున్నారు. రెండో కన్ను బాగుంటే ఒక కన్ను పూర్తిగా పోయినా ఇచ్చేది 30 శాతం. 2016 చట్టం ప్రకారం రిజర్వేషన్ల వంటివి వర్తించాలంటే 40 ఉండాలి. నాకంటే ఆ రైతుకి ఇది అన్యాయం అనిపిస్తుంది, గట్టు మీద అడుగు తప్పుతున్నవాడు ఆయన.

పైరెప్ప మీద నాకు ఇంకా చిన్న గుంట ఉంది, సాయంత్రాలు అలసినప్పుడు తెలుస్తుంది. డొప్ప కాస్త పైన మందం చేస్తే సరిపోవచ్చు, లేకపోతే ఒంట్లో కొవ్వు తీసి అక్కడ నింపే పద్ధతి ఉంది అన్నారు. ఎలాగూ ఏడాదికోసారి పాలిష్‌కి వెళ్ళాలి, అయిదేళ్ళకో మరెప్పుడో కొత్తది చేయించుకోవాలి. పాలిష్‌కి వెళ్ళినప్పుడు అడుగుతాను. అదీ సంక్రాంతి జాకెట్లు అయ్యాకే.